బల్‌స్ట్రోడ్ వైట్‌లాక్: అవకాశవాదా, చట్టాన్ని వదలని లాయరా?

ప్రశ్న ఇది: "1640ల్లో రాజుకూ పార్లమెంటుకూ మధ్య నడిచిన ఇంగ్లండ్ అంతర్యుద్ధం గురించి చదువుతుంటే బల్‌స్ట్రోడ్ వైట్‌లాక్ అనే లాయర్ పేరు మాటిమాటికీ కనిపిస్తోంది. పార్లమెంటులో ఉన్నాడు, రాజుతో రాయబారాలు నడిపాడు, రాజు తల తెగాక కొత్త ప్రభుత్వంలో పదవి తీసుకున్నాడు, ఆ తర్వాత దేశాన్ని ఏలిన సేనాని క్రామ్‌వెల్ దగ్గరా పనిచేశాడు, రాజవంశం తిరిగొచ్చాక కూడా బతికి బయటపడ్డాడు. ఇతను ఒట్టి అవకాశవాదేనా? ఇతను రాసుకున్న డైరీని ఎంతవరకు నమ్మొచ్చు?"

లా విద్యార్థులకు చట్టాల చరిత్ర చాలా ఏళ్లు చెప్పినవాణ్ణి కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. అవకాశవాది అనే మాట వైట్‌లాక్‌కు సగమే సరిపోతుంది. తప్పని తోచిన పనిలో చెయ్యి పెట్టనని అతను చెప్పిన సందర్భాలు ఉన్నాయి, అవి కూడా ఆ మాట అనడం ప్రమాదమైన రోజుల్లోనే. అయితే ఆ పని వేరేవాళ్ల చేతుల మీదుగా జరిగిపోయాక, దాని పునాది మీద లేచిన ప్రభుత్వం పిలిచి కుర్చీ వేస్తే కూర్చున్నాడు. ఈ రెండిట్లో ఒకటే చూసినవాళ్లు అతన్ని మహానుభావుడైనా అంటారు, ఊసరవెల్లి అయినా అంటారు. రెండూ చూస్తేనే మనిషి అర్థమవుతాడు.

1605 ఆగస్టు 6న లండన్‌లో, ఫ్లీట్ స్ట్రీట్‌లో పుట్టాడు. అటు ఇటు అంతా లాయర్ల కుటుంబమే. తండ్రి సర్ జేమ్స్ వైట్‌లాక్ రాజు అధికారాలకు హద్దులుంటాయని వాదించినందుకు 1613లో జైలుకు వెళ్లాడు, తర్వాత అదే మనిషి కింగ్స్ బెంచ్ అనే పెద్ద కోర్టుకు జడ్జి అయ్యాడు. తల్లి తరఫు బంధువు సర్ జార్జ్ క్రోక్ కూడా పెద్ద జడ్జి. పార్లమెంటు అనుమతి లేకుండా రాజు వసూలు చేసిన ఓడల పన్ను కేసులో రాజుకు వ్యతిరేకంగా తీర్పు రాసిన కొద్దిమందిలో ఆయన ఒకరు. రాజును ధిక్కరించకుండానే రాజుకు హద్దు గీయవచ్చు అనే నమ్మకం వైట్‌లాక్‌కు ఇంట్లోనే అబ్బింది. జీవితమంతా ఆ నమ్మకంతోనే నడవాలని చూశాడు. అతని కాలం మాత్రం దానికి చోటివ్వలేదు.

ఆక్స్‌ఫర్డ్‌లో సెయింట్ జాన్స్ కాలేజీలో చేరినప్పుడు అక్కడ పెద్ద విలియం లాడ్, అంటే తర్వాత కాలంలో ఆర్చ్‌బిషప్ అయిన లాడ్. కుర్రవాణ్ణి బాగా చూసుకున్నాడు. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ అవసరం పడుతుంది. తర్వాత లండన్‌లో మిడిల్ టెంపుల్ అనే లాయర్ల సంఘంలో లా చదివి 1626లో లాయరయ్యాడు. అదే ఏడాది పార్లమెంటు సభ్యుడు కూడా అయ్యాడు.

యుద్ధానికి ముందు జరిగిన ఒక సంబరం గురించి చెప్పకుండా ముందుకు వెళ్లలేను. ఈ కథలోని మనుషులంతా ఒకే చోట కనిపించేది అక్కడే. 1634 ఫిబ్రవరి 3 రాత్రి లండన్ లాయర్ల సంఘాలు నాలుగూ కలిసి రాజు మొదటి చార్లెస్‌కు, రాణికి వినోదంగా ఒక పెద్ద నాటక ప్రదర్శన ఇచ్చాయి. అసలు కారణం విలియం ప్రిన్ అనే లాయర్. నాటకాలను తిడుతూ అతను పెద్ద పుస్తకం రాశాడు, అది రాణిని అవమానించడమే అని రాజదర్బారు మండిపడింది. మేమంతా ప్రిన్ లాంటివాళ్లం కాదని చూపించుకోవడానికి లాయర్లు 20,000 పౌండ్లకు పైగా ఖర్చు పెట్టారు. ఏర్పాట్ల కమిటీలో వైట్‌లాక్ స్నేహితుడు, తర్వాత యుద్ధంలో రాజు వెంట నడిచిన లాయర్ ఎడ్వర్డ్ హైడ్ ఉన్నాడు, మహాపండితుడు జాన్ సెల్డెన్ ఉన్నాడు. సంగీతం బాధ్యత వైట్‌లాక్‌ది, దానికే దాదాపు 1000 పౌండ్లు అయ్యాయని రాసుకున్నాడు. కాగడాల వెలుగులో గుర్రాల మీద, రథాల మీద హోల్‌బర్న్ నుంచి వైట్‌హాల్ రాజభవనం దాకా ఊరేగింపు సాగింది. రాజుకు అది ఎంత నచ్చిందంటే ఇంకోసారి చూస్తామని మళ్లీ తిప్పించుకున్నాడు. ప్రదర్శన జరిగింది ఆ రాజభవనంలోని విందుశాల, బాంక్వెటింగ్ హౌస్‌లో. పదిహేనేళ్లు తిరగకుండానే ఆ భవనం ముందే రాజు తల తెగింది. ప్రిన్‌కు మాత్రం అదే ఏడాది 5000 పౌండ్ల జరిమానా వేసి చెవులు కోశారు.

1640లో సమావేశమైన పార్లమెంటులోకి వైట్‌లాక్ మార్లో నియోజకవర్గం నుంచి వచ్చాడు. రాజుకు కుడిభుజం లాంటి స్ట్రాఫర్డ్ ప్రభువు మీద అభిశంసన నడిపిన కమిటీకి అతనే అధ్యక్షుడు. 1641 మార్చిలో వెస్ట్‌మిన్‌స్టర్ హాల్లో విచారణ మొదలైంది. మిగతా లాయర్లు తనతో లాయర్లలా ప్రవర్తించారని, వైట్‌లాక్, పామర్ అనే ఇంకో లాయర్ మాత్రం పెద్దమనుషుల్లా ప్రవర్తించారని స్ట్రాఫర్డ్ అన్నట్టు వైట్‌లాక్ గర్వంగా రాసుకున్నాడు. తన గురించి తనే రాసుకున్న పొగడ్త కాబట్టి కాస్త తగ్గించుకుని చదవాలి. విచారణలో నేరం రుజువు కాక, కేసు చేజారిపోతుందని పార్లమెంటు శిక్షనే చట్టంగా చేసి మే 12న స్ట్రాఫర్డ్‌ను చంపించింది. చట్టం పేరుతో చట్టాన్ని దాటేయడం ఎలా ఉంటుందో వైట్‌లాక్ దగ్గరనుంచి చూసింది అక్కడే అని నా నమ్మకం.

1642 జులైలో సైన్యం సమకూర్చాలా వద్దా అని పార్లమెంటు దిగువ సభ అయిన కామన్స్ సభలో చర్చ వచ్చినప్పుడు అతను చేసిన ప్రసంగం ఇప్పుడు చదివినా ఒళ్లు జలదరిస్తుంది. మనకే తెలియకుండా అంతర్యుద్ధంలోకి జారిపోయాం అన్నాడు. అనుకోని సంఘటనలు ఒకదాని మీద ఒకటి సముద్రపు అలల్లా వచ్చి మనల్ని ఇక్కడిదాకా తోశాయి, ప్రకటనలు, విన్నపాలు, తీర్మానాలు, జవాబులు, ప్రతిజవాబులు అంటూ కాగితాల మీద పోట్లాడుతూ పోట్లాడుతూ ఇప్పుడు సేనాధిపతి ఎవరో తేల్చుకునే దశకు వచ్చాం అన్నాడు. యుద్ధం ఎలా మొదలవుతుందో ఇంతకన్నా నిజాయితీగా చెప్పిన పార్లమెంటు సభ్యుణ్ణి నేను చదవలేదు. అంతా చెప్పి కూడా పార్లమెంటు పక్షానే నిలిచాడు. రాజ్యంలో సైనికాధికారం రాజు ఒక్కడిదీ కాదు, పార్లమెంటు ఒక్కదానిదీ కాదు, ఇద్దరిదీ అన్నది అతని వాదన. ఆ ఇద్దరూ కత్తులు దూసుకున్నాక ఆ వాదనకు నిలబడే చోటే లేకుండా పోయింది.

ఆ ఏడాది నవంబర్‌లో యుద్ధం అతని గుమ్మంలోకే వచ్చింది. హెన్లీ దగ్గర థేమ్స్ ఒడ్డున ఫాలీ కోర్ట్ అని అతని ఇల్లు. సర్ జాన్ బైరన్ కింద ఉన్న రాజు అశ్వికదళం అందులో దిగింది. ఏమీ పాడుచేయవద్దని పైనుంచి ఆజ్ఞ ఉంది. సైనికులు లెక్కచేయలేదు. దిండ్లు, పరుపులు చీల్చి ఈకలు వెదజల్లారు. కంకులు కొట్టని గోధుమ పనలు తెచ్చి గుర్రాల కింద గడ్డిలా పరిచారు. తోట కంచెలు విరిచారు, జింకలను చంపారు, వేటకుక్కలను పట్టుకుపోయారు, బండిని, దాని గుర్రాలను తోలుకుపోయారు. ఒక లాయర్‌కు అన్నిటికన్నా గుండె కోత పెట్టింది ఇంకొకటి. అతని పుస్తకాలు, చేతిరాత ప్రతులు, భూముల దస్తావేజులు చింపి, ఆ ముక్కలతో పొగాకు గొట్టాలు వెలిగించుకున్నారు. భూమి ఎవరిదో చెప్పే కాగితమే పోతే రేపు ఏ కోర్టులో ఏం చూపిస్తాడు? కోర్టులు మూతపడితే దేశం ఏమవుతుందో అని అతను జీవితమంతా టెన్షన్ పడ్డాడంటే, ఆ భయం పుస్తకాల్లోంచి వచ్చింది కాదని ఈ సంఘటన వల్లే నాకు అనిపిస్తుంది.

అయినా కసి పెంచుకోలేదు. 1643లో పార్లమెంటు తరఫున ఆక్స్‌ఫర్డ్‌లో రాజు దగ్గరికి రాయబారిగా వెళ్లాడు. ఒక రాత్రి రాజు వీళ్ల మాటకు ఒప్పుకుని, రేపు ఉదయం ఇలాగే రాసిస్తానన్నాడట. తెల్లారేసరికి పడకగది దగ్గరి మనుషులు మాట మార్పించారు. 1644 నవంబర్‌లో మళ్లీ వెళ్లినప్పుడు పెద్ద సాహసమే చేశాడు. రాజు అడిగాడని అతను, తోటి రాయబారి డెంజిల్ హోల్స్ కలిసి పార్లమెంటుకు ఎలాంటి జవాబిస్తే సంధి కుదురుతుందో ఒక కాగితం రాసిచ్చారు. ఎవరి రాతో తెలియకుండా వైట్‌లాక్ తన చేతిరాత మార్చి రాశాడు. 1645లో శావిల్ ప్రభువు ఈ గుట్టు బయటపెట్టాడు. శత్రువుకు సలహా ఇవ్వడం అంటే తల పోయే నేరం. కామన్స్ సభ జులైలో ఇద్దరినీ నిర్దోషులన్నది. చేతిరాత మార్చి రాసిన ఆ కాగితం అతని స్వభావం మొత్తాన్ని చూపిస్తుంది. ధైర్యం ఉంది, దానితో పాటే తప్పించుకునే దారీ సిద్ధంగా ఉంటుంది.

ఈ మధ్యలో 1644 డిసెంబర్‌లో ఒక రాత్రి పొద్దుపోయాక పార్లమెంటు సేనాధిపతి ఎసెక్స్ ఇంటికి రమ్మని కబురొచ్చింది. అక్కడ పార్లమెంటుకు మిత్రపక్షమైన స్కాట్లండ్ ప్రతినిధులు కూర్చుని ఉన్నారు. దేశంలో చిచ్చు పెడుతున్నాడని క్రామ్‌వెల్ మీద కేసు పెట్టొచ్చా అని అతన్నీ మేనార్డ్ అనే ఇంకో లాయర్‌నీ అడిగారు. సాక్ష్యం ఏముంది అని ఎదురు అడిగాడు వైట్‌లాక్. క్రామ్‌వెల్ చాలా తెలివైనవాడు, కామన్స్ సభలో పలుకుబడి ఉన్నవాడు, ముందు రుజువులు పోగుచేసుకోండి అన్నాడు. విషయం అక్కడితో ఆగిపోయింది. క్రామ్‌వెల్ చెవిన కూడా పడింది. సాక్ష్యం లేనిదే కేసు లేదన్న మాట లాయర్‌గా సరైన మాటే, తర్వాత రోజుల్లో అదే అతనికి రక్షణ కూడా అయింది.

ఇప్పుడు లాడ్ సంగతి. ఆర్చ్‌బిషప్ మీద విచారణ నడిపే కమిటీలో వైట్‌లాక్ పేరు వేశారు. నా చదువుకు ఆయన సాయం చేశాడు, ఆయన ప్రాణం తీసే పనిలో నేనుండను అని తప్పుకున్నాడు. లాడ్‌ను 1645 జనవరి 10న చంపేశారు. పార్లమెంటులో ఎక్కువమంది అసహ్యించుకునే మనిషికి కృతజ్ఞత చూపడం వల్ల అతనికి ఏ లాభమూ లేదు. అవకాశవాది అనేవాళ్లు దీనికి జవాబు చెప్పాలి.

అసలు పరీక్ష 1648 డిసెంబర్‌లో వచ్చింది. రాజు ఓడి, మళ్లీ యుద్ధం రేపి, మళ్లీ ఓడాడు. డిసెంబర్ 6న సైన్యం పార్లమెంటు గుమ్మంలో నిలబడి, రాజుతో సంధి కోరే సభ్యులను లోపలికి రానివ్వకుండా తరిమేసింది. తరిమేసిన వాళ్లలో చెవులు కోయించుకున్న ఆ ప్రిన్ కూడా ఉన్నాడు. వైట్‌లాక్ అప్పటికే రాజముద్ర కమిషనర్. రాజముద్ర అంటే అలంకారం కాదు. అది పడితేనే రిట్ చెల్లుతుంది, జడ్జి నియామకం చెల్లుతుంది, ప్రభుత్వం పేరుతో వచ్చే ప్రతి పెద్ద కాగితమూ చెల్లుతుంది. 1642లో ముద్ర రాజు దగ్గరికి వెళ్లిపోతే పార్లమెంటు తనకంటూ ఇంకో ముద్ర చేయించుకోవాల్సి వచ్చింది. అంత పని అది లేకపోతే ఆగిపోతుంది.

రాజు మీద అభియోగ పత్రం తయారుచేసే కమిటీ డిసెంబర్ 26న వైట్‌లాక్‌కు, తోటి కమిషనర్ విడ్రింగ్టన్‌కు రమ్మని మనిషిని పంపింది. వాళ్లకు కావాల్సింది పెద్ద లాయర్ల పేర్లు. వాటి వల్లే కోర్టుకు కోర్టు కళ వస్తుంది. ఇద్దరూ ముందే అనుకున్నట్టు వైట్‌లాక్ బండెక్కి లండన్ వదిలి హెన్లీ వైపు వెళ్లిపోయారు. రాజును విచారించే పనిలో తలదూర్చనని, అది తన అంతరాత్మకు విరుద్ధమని రాసుకున్నాడు. సభలో లేచి నిలబడి ఇది తప్పు అని అనలేదు నిజమే. కానీ సైన్యం చేతిలో ఊరున్నప్పుడు, క్రామ్‌వెల్ రాజుగారి పరుపు మీద పడుకుంటున్న రోజుల్లో, పిలిస్తే రాకుండా పోవడం తేలిక పని అనుకోవద్దు.

పెద్దవాళ్లు తప్పుకుంటే చిన్నవాళ్లకు పిలుపు వస్తుంది. అటార్నీ జనరల్ విలియం స్టీల్ ఒంట్లో బాగాలేదన్నాడు. బాధ్యత జాన్ కుక్ అనే లాయర్ మీద పడింది. లెస్టర్‌షైర్ నుంచి వచ్చిన, పెద్ద ఆస్తిపాస్తులు లేని మనిషి. పేదవాళ్లకు లాయర్లు తక్కువ ఫీజుకో, ఫీజు లేకుండానో వాదించాలని రాసినవాడు. 1649 జనవరి 20న వెస్ట్‌మిన్‌స్టర్ హాల్లో కుక్ అభియోగం చదవబోతుంటే రాజు చేతికర్రతో అతని భుజం మీద తట్టి ఆగమన్నాడు. కుక్ ఆగలేదు. మళ్లీ తట్టేసరికి కర్ర వెండి పిడి ఊడి కింద పడింది. ఎవరూ వంగి తీసివ్వలేదు. రాజే వంగి తీసుకున్నాడు. జనవరి 27న శిక్ష చెప్పారు. 30న బాంక్వెటింగ్ హౌస్ ముందు అమలు చేశారు. ఆ రోజు వైట్‌లాక్ సభకు వెళ్లలేదు. ఇంట్లో తలుపు వేసుకుని ప్రార్థన చేసుకున్నాడు. మరణశాసనం మీద 59 సంతకాలున్నాయి, అతనిది లేదు.

సరిగ్గా తొమ్మిది రోజులకు, ఫిబ్రవరి 8న, కొత్త ప్రభుత్వం రాజముద్ర కమిషనర్‌గా ప్రమాణం చేశాడు!

ఇక్కడే చాలామంది పుస్తకం మూసేస్తారు. నేను మూయను. ఆ రోజు ఏం జరిగిందో చూడండి. రాజు పాత ముద్రను సభలోకి తెచ్చి, కామన్స్ సభ్యులందరి ముందు పనివాడి చేత సుత్తితో ముక్కలు చేయించారు. కొత్త ముద్ర మీద ఒకవైపు ఇంగ్లండ్, ఐర్లండ్ పటం, ఇంకోవైపు కామన్స్ సభ బొమ్మ, దైవానుగ్రహంతో తిరిగొచ్చిన స్వేచ్ఛకు మొదటి సంవత్సరం 1648 అని రాత ఉంది. (అక్కడ అప్పట్లో కొత్త ఏడాది మార్చి 25న మొదలయ్యేది, అందుకే 1648.) విడ్రింగ్టన్ ఆరోగ్యం, అంతరాత్మ రెండూ ఒప్పుకోవడం లేదని ముద్ర వద్దన్నాడు. సభ అతన్ని ఏమీ చేయలేదు, పైగా మర్యాదగా పంపించింది. అంటే వైట్‌లాక్ కూడా వద్దనవచ్చు. అతనికి ఆ దారి ఉంది. అనలేదు.

ఎందుకు అనలేదు? పదవి మీద ఆశ ఉంది, ఆస్తి పోతుందన్న భయం ఉంది, ఈ రెండూ లేవని నేను చెప్పను. మూడో కారణం కూడా ఉంది. ఆ వారంలో పన్నెండుమంది జడ్జీల్లో ఆరుగురు కొత్త ప్రభుత్వం కింద పనిచేయబోమన్నారు. మిగిలిన ఆరుగురు, దేశపు మూల చట్టాలను రద్దు చేయబోనని పార్లమెంటు మాటిస్తే పనిచేస్తామన్నారు. పార్లమెంటు మాటిచ్చింది. కోర్టులు తెరుచుకున్నాయి. రాజు పోయినా, ప్రభువులు కూర్చునే ఎగువ సభ అయిన లార్డ్స్ సభ పోయినా, ఒక రైతు తన పొలం కోసం వేసిన దావా ఆగలేదు. ముద్ర ఎవరి చేతిలో ఉండాలి అన్నప్పుడు, సైన్యంలో చట్టాలన్నీ కొట్టేసి కొత్తవి రాద్దామనేవాళ్ల చేతిలో కన్నా తన చేతిలో ఉండటం మేలని అతను నిజంగానే నమ్మాడు. ఇందులో చేదు కూడా ఉంది. లార్డ్స్ సభ రద్దు వద్దని అతను మాట్లాడాడు. ఓడిపోయాడు. ఆ రద్దు చట్టం ముసాయిదా రాసే పని సభ అతనికే అప్పగించింది. కూర్చుని రాశాడు.

ఆ కుర్చీలో ఉండి చేసిన పనులు కొన్ని ఇప్పటికీ నిలిచాయి. రాజు ఆస్తులన్నీ వేలం వేస్తున్న 1649లో సెయింట్ జేమ్స్ భవనంలోని రాజ గ్రంథాలయం, నాణేలు, పతకాలు అమ్ముడుపోకుండా తన సంరక్షణలోకి తీసుకున్నాడు. ఐదో శతాబ్దపు గ్రీకు బైబిల్ చేతిప్రతి కూడా ఆ గ్రంథాలయంలోదే. ఆ పుస్తకాలు తర్వాత బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి. తన పుస్తకాలు పొగాకు గొట్టాలకు పోయిన మనిషి, ఆ పని చేసిన సైన్యం ఎవరిదో ఆ రాజుగారి పుస్తకాలనే కాపాడాడు. లాయర్లను పార్లమెంటుకు రానివ్వకూడదని కొందరు పట్టుబడితే లేచి గట్టిగా ఎదిరించాడు. 1650 నవంబర్ 22న చట్ట పుస్తకాలు, కోర్టు వ్యవహారాలు లాటిన్, పాత ఫ్రెంచ్‌లలో కాకుండా ఇంగ్లిష్‌లో ఉండాలనే చట్టం వచ్చింది. వైట్‌లాక్ దానికి మద్దతుగా మాట్లాడాడు. తనకు ప్రాణప్రదమైన పాత పద్ధతి అయినా, సామాన్యుడికి అర్థం కాని భాషలో న్యాయం చెప్పకూడదన్న వాదనను ఒప్పుకున్నాడు. 1660లో రాజరికంతో పాటు పాత భాషలూ తిరిగొచ్చాయి, మళ్లీ ఇంగ్లిష్ కోర్టుల్లోకి రావడానికి 1733 దాకా పట్టింది. మన జిల్లా కోర్టుల్లో తెలుగు కోసం అడిగేవాళ్లు ఈ చరిత్ర ఒకసారి చదవాలి.

క్రామ్‌వెల్ కాలం గురించి క్లుప్తంగా చెబుతాను. 1653 ఏప్రిల్ 20న క్రామ్‌వెల్ సైనికులను తెచ్చి పార్లమెంటును తరిమేసినప్పుడు వైట్‌లాక్ సభలోనే ఉండి చీవాట్లు తిన్నాడు. నవంబర్‌లో అతన్ని స్వీడన్‌కు రాయబారిగా పంపారు, దూరంగా ఉంచడానికే పంపారని అతని అనుమానం. చలికాలంలో ఉప్సాలా చేరి, క్రిస్టీనా రాణితో నెలల తరబడి మాట్లాడి 1654 ఏప్రిల్‌లో ఒప్పందం కుదిర్చాడు. కొద్దిరోజులకే ఆమె కిరీటం వదిలేసింది. ముద్ర కమిషనర్లే జడ్జీలుగా కూర్చునే ఛాన్సరీ కోర్టును మార్చేస్తూ క్రామ్‌వెల్ 1654లో తన సొంత ఆజ్ఞ ఒకటి తెచ్చి, 1655లో దాన్ని అమలు చేయమన్నాడు. పార్లమెంటు చేయని దాన్ని చట్టంగా అమలు చేయలేమని వైట్‌లాక్, అప్పటికి మళ్లీ కమిషనర్ అయిన విడ్రింగ్టన్ ముద్ర వదులుకున్నారు. ఉరి తీసినా దీన్ని అమలు చేయనని గొప్పలు పోయిన లెంథాల్ అనే అదే కోర్టు జడ్జి మాత్రం చివరికి తలొగ్గి పదవి నిలబెట్టుకున్నాడు. వైట్‌లాక్‌ను నేను గౌరవించే రోజుల్లో ఇదొకటి. అయితే క్రామ్‌వెల్ వెంటనే అతన్ని ఖజానా కమిషనర్‌ను చేశాడు, అతను కాదనలేదు. మళ్లీ అదే వరుస. 1657లో క్రామ్‌వెల్‌ను కిరీటం పెట్టుకోమని ఒప్పించే కమిటీకి కూడా ఇతనే పెద్ద. రాజు అనే పదవికి చట్టంలో హద్దులు తెలుసు, అప్పుడు క్రామ్‌వెల్ చేతిలో ఉన్న ప్రొటెక్టర్ అనే పదవికి తెలియవు అన్నది లాయర్ల వాదన. మే 8న క్రామ్‌వెల్ వద్దన్నాడు.

క్రామ్‌వెల్ చనిపోయాక, 1659 చివర్లో అంతా కూలిపోతున్నప్పుడు సైన్యం ఏర్పాటు చేసిన భద్రతా కమిటీలో చేరడం అతను చేసిన పనుల్లో అన్నిటికన్నా సమర్థించలేనిది. వెనక పార్లమెంటు లేదు, చట్టం లేదు. డిసెంబర్‌లో సేనాని ఫ్లీట్‌వుడ్ దగ్గరికి వెళ్లి, ఇంకెవరో చేసేలోగా మనమే పరదేశంలో ఉన్న పాత రాజు కొడుకు రెండో చార్లెస్‌కు కబురంపి షరతుల మీద పిలుద్దాం అన్నాడు. ఫ్లీట్‌వుడ్ సరేనని, పక్కవాళ్లు రాగానే మాట మార్చాడు. వైట్‌లాక్ రాజముద్రను పెట్టెలో పెట్టి తాళం వేసి భార్య మేరీకి అప్పగించి పల్లెల్లోకి పారిపోయాడు. ఆమే దాన్ని తీసుకెళ్లి స్పీకర్‌కు ఇచ్చింది. ప్రమాదం తెచ్చే కాగితాలను కాల్చేసింది కూడా ఆమే.

1660లో రెండో చార్లెస్ రాజుగా తిరిగొచ్చాడు, లెక్కలు తేల్చే రోజు వచ్చింది. క్షమాభిక్ష చట్టం నుంచి వైట్‌లాక్‌ను మినహాయించాలని కామన్స్ సభలో పట్టుబట్టింది ఎవరో తెలుసా? విలియం ప్రిన్. 1634 నాటి ఆ చెవుల ప్రిన్ ఇప్పుడు రాజుకు గట్టి మద్దతుదారు. తీర్మానం ఓడిపోయింది, వైట్‌లాక్ బతికిపోయాడు. జాన్ కుక్ బతకలేదు. ఐర్లండ్‌లో పట్టుకుని తెచ్చి అక్టోబర్ 13న విచారించారు. నేను క్లయింట్ తరఫున ఫీజు తీసుకుని వాదించిన లాయర్‌ని, లాయర్ కోర్టులో పలికిన మాట రాజద్రోహం ఎలా అవుతుంది అని అడిగాడు. ప్రతి లా కాలేజీలో చర్చించాల్సిన ప్రశ్న అది. కోర్టు వినలేదు. 16న ఛారింగ్ క్రాస్‌లో ఘోరంగా చంపారు. 1649లో వైట్‌లాక్ పక్కన ముద్ర పట్టుకున్న జాన్ లైల్, రాజు విచారణలో పాల్గొన్నవాడు, స్విట్జర్లండ్‌కు పారిపోతే 1664లో లోజాన్‌లో కాల్చి చంపారు. డిసెంబర్ 26న బండెక్కి వెళ్లిపోవడానికీ వెళ్లకపోవడానికీ తేడా ఎంతో వీళ్లిద్దరి చావులు చెబుతాయి.

ఎడ్వర్డ్ హైడ్ అప్పటికి లార్డ్ ఛాన్సలర్, అంటే రాజు ప్రభుత్వంలో రాజముద్ర పట్టుకునే పెద్ద మంత్రి, తర్వాత క్లారెండన్ ప్రభువు కూడా అయ్యాడు. పాత స్నేహితుడి గురించి అతను రాసిన తీర్పు నాకు న్యాయంగానే తోస్తుంది. వైట్‌లాక్ మనసు పార్లమెంటు వాళ్ల దగ్గర లేదు, ఆస్తి మాత్రం వాళ్ల ఏలుబడిలో ఉంది, సర్వం పోగొట్టుకోవడాన్ని తట్టుకునే స్వభావం అతనిది కాదు, అయినా మిగతావాళ్లకున్న కసి అతనిలో లేదు అన్నది దాని సారం. యుద్ధంలో అంతా వదులుకుని రాజు వెంట పోయిన హైడ్ 1667లో దేశం నుంచి వెళ్లగొట్టబడి 1674లో ఫ్రాన్స్‌లో పోయాడు. పెళ్లాం పిల్లలను చూసుకుంటూ పల్లెలో ఉండమని రాజు పంపేసిన వైట్‌లాక్ విల్ట్‌షైర్‌లోని చిల్టన్‌లో 1675 జులై 28 దాకా బతికాడు. ఆ చివరి ఏళ్లలో కూడా మతం పేరుతో వేధింపులు పడుతున్న క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవాళ్లకు చట్టం సలహాలు చెప్పాడు, మనస్సాక్షి స్వేచ్ఛ ఇవ్వాలని రాశాడు. పదవి ఆశ లేని రోజుల్లో మనిషి ఏం చేశాడన్నది అతని అసలు నమ్మకాలకు మంచి సాక్ష్యం.

మీ రెండో ప్రశ్న, డైరీ. ముందు ఒకటి తెలుసుకోండి. రోజూ రాత్రి కూర్చుని రాసిన డైరీ అని చాలామంది అనుకునేది ఎక్కువ భాగం అలాంటిది కాదు. 1660 తర్వాత పదవులన్నీ పోయి ఇంట్లో కూర్చున్నప్పుడు, పాత నోట్సు, అప్పటి వార్తాపత్రికలు ముందు పెట్టుకుని పిల్లల కోసం రాసుకున్నది. 1682లో అచ్చయిన రూపం బాగా కత్తిరించినది. అసలు డైరీ 1990లో గానీ పూర్తిగా అచ్చు కాలేదు. స్వీడన్ ప్రయాణం గురించి రాసింది మాత్రం ఎక్కువగా అక్కడి రోజువారీ నోట్సు మీద ఆధారపడింది, అందుకే అది ఎక్కువ నమ్మదగినది.

ఎలా వాడుకోవాలంటే, వస్తువులు, మనుషులు, తేదీల గురించి చెప్పేచోట నమ్మండి. పరుపుల ఈకలు, గోధుమ పనలు కల్పించుకోవాల్సిన అవసరం అతనికి లేదు. తను పలికిన పొడుగాటి తెలివైన సంభాషణల దగ్గర జాగ్రత్త పడండి. 1652 నవంబర్‌లో సెయింట్ జేమ్స్ పార్కులో క్రామ్‌వెల్, ఎవరైనా తనే రాజై కూర్చుంటే ఎలా ఉంటుందని అడిగాడని, రోగం కన్నా మందే చెడ్డది అవుతుందని చెప్పి, రెండో చార్లెస్‌తోనే సంధి చేసుకోమని తను సలహా ఇచ్చానని రాశాడు. అలాంటి మాట ఏదో నడిచి ఉండొచ్చు. కానీ రాజు తిరిగొచ్చాక, క్షమాభిక్ష మీద బతుకుతున్న మనిషి, రాజును పిలవమని నేను అప్పుడే చెప్పాను అని రాస్తున్నాడని మరవకూడదు. 1648 డిసెంబర్ 26 ప్రయాణం అలాంటిది కాదు. విచారణలో, మరణశాసనం మీద అతని పేరు లేకపోవడం వేరే రికార్డుల్లోనూ కనిపిస్తుంది. ప్రాజెక్టు కోసం చదువుతున్నట్టయితే అతను రాసిన ప్రతి సభా సంఘటన పక్కన కామన్స్ సభ జర్నల్ తేదీ పెట్టుకుని, అదే సంఘటనను హైడ్ ఎలా రాశాడో చూడండి. ఇద్దరూ వేర్వేరు పక్షాల్లో ఉండి ఒకే మాట చెప్పినచోట ధైర్యంగా రాసుకోవచ్చు.